సమ్మె లేని రాజ్యం

ఆ పని గురించి ఎవరితోనూ అనకూడదని ముందే చెప్పారు. తోటి అధ్యాపకులతో అనకూడదు, శిష్యులతో అసలే అనకూడదు. రాసేది ఎవరో లోకానికి తెలియకూడదు. చివర్న సంతకం మాత్రం పోపుగారిది.

1930లో ఆ బరువు మీద పడ్డ మనిషి పేరు ఓస్వాల్డ్ ఫాన్ నెల్-బ్రాయినింగ్. నలభై ఏళ్ల జర్మన్ జెస్యూట్ ఫాదర్. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని సాంక్ట్ గియోర్గెన్ గురువిద్యాలయంలో నీతిశాస్త్రం చెప్పేవాడు. కార్మికుల బతుకు గురించి పోప్ పదమూడవ లియో 1891 మే 15న ఒక విశ్వలేఖ, అంటే కతోలిక లోకమంతటికీ చెప్పే లేఖ, రాశాడు. దానికి నలభై ఏళ్లు నిండుతున్నాయి. ఆ సందర్భంగా పదకొండవ పయస్ పోప్ మరో విశ్వలేఖ వెలువరించాలనుకున్నాడు. ముసాయిదా తయారు చేసే పని జెస్యూట్ల సంస్థ అయిన యేసు సభ అధిపతి లెదొహోవ్‌స్కీకి వచ్చింది, ఆయన దాన్ని నెల్-బ్రాయినింగ్‌కి అప్పగించాడు. కోట్లమంది కతోలికులు తలవంచి వినే మాటలు ఒక గదిలో, ఒక్కడి కలం కింద తయారవుతున్నాయి. తప్పు పట్టేవాళ్లు లేరు, సరిదిద్దేవాళ్లు లేరు. ఇంత పెద్ద పనిని ఇలా ఒక్కడి మీద వదిలేయడం ఎంత భయం గొలిపే విషయమో ఎన్నో ఏళ్ల తర్వాత ఆయనే రాసుకున్నాడు.

ముసాయిదా చివరి దశకు వచ్చింది. అప్పుడు రోమ్ నుంచి కొన్ని పేరాలు వచ్చాయి. ఇటాలియన్ భాషలో ఉన్నాయి. రాసింది సాక్షాత్తూ పోపుగారే. వీటిని లేఖలో కలపాలా వద్దా, కలిపితే ఎక్కడ కలపాలి అన్నది నెల్-బ్రాయినింగ్ నిర్ణయానికే వదిలారు.

ఆ పేరాల్లో ఉన్నది ముసోలినీ ఇటలీ. ఒక్కో వృత్తికి ప్రభుత్వం గుర్తించిన సంఘం ఒక్కటే ఉంటుంది, యజమానులూ కార్మికులూ కలిసి కూర్చునే మండళ్లు ఉంటాయి, సమ్మె నిషిద్ధం, లాకౌటు నిషిద్ధం, రాజీ కుదరకపోతే న్యాయాధికారి తేలుస్తాడు. ఇవన్నీ వివరించి, వర్గాలు కొట్టుకోకుండా పనిచేయడం లాంటి మేళ్లు దీంట్లో ఉన్నాయని పోపుగారు అన్నారు. వెనువెంటనే, మనుషులు సొంతంగా చేసుకోవాల్సిన పనుల్ని రాజ్యం లాక్కుంటోందని, ఇది రాజకీయ అవసరాలకు వాడుకునే ఏర్పాటుగా మారుతోందని భయపడేవాళ్లూ ఉన్నారని అన్నారు. నెల్-బ్రాయినింగ్ ఆ పేరాల్ని ఒకటికి రెండుసార్లు చదివాడు. అందులో ఆయనకు మెత్తని ఎత్తిపొడుపు కనిపించింది. ముసోలినీకి తగలాల్సిన చోట తగులుతుందనుకున్నాడు. లేఖలో కలిపాడు.

తొంభై ఒకటో పేరా నుంచి తొంభై ఆరు దాకా అవే. 1931 మే 15న లేఖ వెలువడింది. పేరు ‘క్వాద్రజేసిమో అన్నో’, అంటే నలభయ్యో ఏట. ఎత్తిపొడుపు ఎవరికీ వినపడలేదు. మెప్పు మాత్రం అందరికీ వినపడింది.

ఈ కథ జంషెడ్‌పూర్‌లో ఉన్న నాకెందుకు పట్టింది అంటే, ఇది సమ్మెలతో పెరిగిన ఊరు. ఇక్కడ కంపెనీ కూత విని లేచాం, కంపెనీ కూత విని పడుకున్నాం. ‘కంపెనీ’ అంటే చాలు, పేరు చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మూటాముల్లె పట్టుకుని టాటానగర్ స్టేషన్‌లో దిగిన మనవాళ్ల సంతతి కద్మాలో, సోనారిలో, బిష్టుపూర్‌లో ఇప్పటికీ తెలుగే మాట్లాడుతోంది, బిష్టుపూర్ రామమందిరంలో శ్రీరామనవమి చేసుకుంటోంది. మా తాత అలా దిగినవాడే. ఆయన దగ్గర ఒక రేకు ట్రంకుపెట్టె ఉండేది. దాని సంగతి చివర్లో చెబుతాను. ముందు, సమ్మె లేని రాజ్యం ఎలా కట్టారో, ఆ గోడలకు సున్నం ఎవరు వేశారో చెప్పాలి.

ఎనిమిదేళ్లు వెనక్కి వెళ్దాం. ఉత్తర ఇటలీలో ఫెరారా దగ్గర అర్జెంతా అనే చిన్న ఊరు. చుట్టూ పొలాలు, పొలాల్లో కూలీలు. అక్కడి విచారణ గురువు, అంటే ఆ ఊరి చర్చి బాధ్యత చూసే ఫాదర్, దాన్ జొవాన్ని మిన్జోని. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మధ్య గురువుగా ఉండి వెండి పతకం అందుకున్నవాడు. 1921లో ఫాసిస్టులు ఆ ఊళ్లోనే నటాలే గాయిబా అనే సోషలిస్టు కార్మిక నాయకుణ్ని కాల్చి చంపినప్పుడు మిన్జోని నోరు మూసుకోలేదు. చనిపోయినవాడు సోషలిస్టు కదా, గుడికి రానివాడు కదా అని ఊరుకోలేదు. ఊరి కూలీలకు సహకార సంఘాలు కావాలన్నాడు. కుర్రాళ్లను ఫాసిస్టుల కవాతులకు పోనివ్వకుండా కతోలిక స్కౌటు దళం పెట్టాడు. ఆ ప్రాంతంలో ఫాసిస్టు ముఠాలకు నాయకుడు ఇతాలో బాల్బో. గురువుగారి తీరు బాల్బో మనుషులకు గిట్టలేదు.

1923 ఆగస్టు 23 రాత్రి. మిన్జోని ఒక యువకుడితో కలిసి నడిచి ఇంటికి వెళ్తున్నాడు. వెనక నుంచి ఇద్దరు వచ్చారు. దుడ్డుకర్ర తల వెనక పడింది. మోకాళ్ల మీద కూలాడు. చేతులు నేల మీద ఆనించి లేచాడు, నాలుగడుగులు వేశాడు, మళ్లీ పడ్డాడు. మోసుకుని ఇంటికి చేర్చారు. అర్ధరాత్రి వేళకు ప్రాణం పోయింది. పుర్రె పగిలింది. తర్వాత పెట్టిన విచారణలో నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు.

ఆ హత్యకు ఆరు వారాల ముందు ఇంకొకటి జరిగింది, నెత్తురు లేకుండా. సిసిలీకి చెందిన దాన్ లుయీజి స్తుర్జో కూడా గురువే. 1919 జనవరిలో ఆయన పెట్టిన పాపులర్ పార్టీ కొద్దికాలంలోనే పార్లమెంటులో పెద్ద బలమైంది. ఆ ధోరణికే చెందిన ‘తెల్ల సంఘాలు’ అనే కతోలిక కార్మిక సంఘాల్లో 1920 నాటికి పదిలక్షల మందికి పైగా సభ్యులు. స్తుర్జో ముసోలినీకి లొంగలేదు. వాటికన్‌కు మాత్రం ముసోలినీతో ఒప్పందం కావాలి. పైనుంచి ఒత్తిడి వచ్చింది. 1923 జులైలో స్తుర్జో పార్టీ కార్యదర్శి పదవి వదిలాడు. మరుసటి ఏడాది అక్టోబరులో లండన్‌కు ప్రవాసం పోయాడు. తిరిగి సొంత గడ్డ మీద కాలు పెట్టింది 1946లో. ఇరవై రెండేళ్లు. ఒక గురువును శత్రువు కొట్టి చంపాడు, ఇంకొక గురువును సొంతవాళ్లే పక్కకు తప్పించారు. నాకు ఆ రెండోదే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

1926 ఏప్రిల్ 3న ఇటలీలో చట్టం వచ్చింది. సమ్మె నేరం. ఫాసిస్టు సంఘానికి తప్ప ఇంకే సంఘానికీ కార్మికుల తరఫున ఒప్పందం మీద సంతకం పెట్టే హక్కు లేదు. కతోలికుల తెల్ల సంఘాలు ఆ ఏడే అంతరించాయి. మూడేళ్ల తర్వాత, 1929 ఫిబ్రవరి 11న, లాతరన్ ఒప్పందాలతో పోపుకు వాటికన్ రాజ్యం దక్కింది. ఇప్పుడు మళ్లీ పోపుగారి ఆ పేరాల దగ్గరికి రండి. సమ్మె లేని ఏర్పాటులో మేళ్లున్నాయని అవి చెప్పేనాటికి, ఆ సమ్మెను ఆపిన లాఠీ కింద కతోలిక కార్మికుడి సంఘం కూడా నలిగిపోయి అయిదేళ్లయింది.

ముసోలినీ కృతజ్ఞత రెండు వారాలు కూడా నిలవలేదు. 1931 మే నెలాఖరుకు కతోలిక యువజన సంఘాలను మూసేయించాడు. పిల్లల మనసు తనకు కావాలి, గుడికి వదలడు. పోపుగారికి కోపం వచ్చింది. జూన్ 29 తేదీతో ఇంకొక విశ్వలేఖ రాశారు, ఈసారి లాటిన్‌లో కాదు, సూటిగా ఇటాలియన్‌లో. రాజ్యాన్నే దేవుణ్ని చేసి కొలవడం అన్యమత పూజ అని తిట్టారు. ఇటలీలో అచ్చవనిస్తారన్న నమ్మకం లేదు. వాటికన్‌లో పనిచేస్తున్న ఫ్రాన్సిస్ స్పెల్‌మన్ అనే అమెరికన్ ఫాదర్ చేతిలో ప్రతులు పెట్టి పారిస్ పంపారు. దొంగసరుకు దాటించినట్టు పోపుగారి మాటను సరిహద్దు దాటించాల్సి వచ్చింది. లేఖ పారిస్‌లో బయటపడి ప్రపంచమంతా పాకింది. సెప్టెంబరుకల్లా రాజీ కుదిరింది. యువజన సంఘాలు ఉండొచ్చు, ఆటలు ఆడించకూడదు, పాత పాపులర్ పార్టీ మనుషులు పెత్తనం చేయకూడదు. స్తుర్జో అనుచరులు మరోసారి బలయ్యారు.

ఇంతవరకూ ఇటలీ. నెల్-బ్రాయినింగ్ రాసిన లేఖకు అసలైన గండం వియన్నాలో ఉంది.

ఆస్ట్రియాకు అప్పటికే గురువుల పాలన కొత్త కాదు. ఇగ్నాజ్ జైపెల్ అనే గురువు రెండుసార్లు ప్రధానిగా చేశాడు. ఆయన పార్టీ నుంచే వచ్చిన ఎంగెల్‌బెర్ట్ డోల్‌ఫుస్ 1932లో ప్రధాని అయ్యాడు. పొట్టి మనిషి, రైతు కుటుంబం, పరమ భక్తుడు. 1933 మార్చిలో పార్లమెంటును కూర్చోనివ్వకుండా పోలీసుల్ని పెట్టాడు. సెప్టెంబరు 11న వియన్నా గుర్రప్పందాల మైదానంలో, కతోలికుల మహాసభల వారంలో, తాను కట్టబోయే రాజ్యం గురించి ఉపన్యసించాడు. పార్టీలు ఉండవు, వృత్తుల వారీ మండళ్లు ఉంటాయి, యజమానీ పాలేరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటారు. అందుకు ప్రమాణం పోపుగారి విశ్వలేఖ. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆ వాక్యాల్ని చెక్కిన మనిషి ఈ వార్తలు చదువుతున్నాడు. అవి తనవని చెప్పుకోవడానికి లేదు, అలా వాడొద్దని గట్టిగా అడ్డం పడడానికీ లేదు.

1934 ఫిబ్రవరి 12, సోమవారం. ఆ రోజు పోపుగారి పట్టాభిషేక వార్షికోత్సవం. వియన్నా స్టీఫెన్ మహాదేవాలయంలో పూజ. ముందు వరసలో డోల్‌ఫుస్. పూజ నడుస్తుండగా గుళ్లో దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి. కరెంటు పోయింది. బయట ట్రాములు పట్టాల మీద ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అది గాలివానకు పోయిన కరెంటు కాదు. పొద్దున లింజ్ నగరంలో సోషలిస్టుల కార్యాలయం మీద పోలీసులు పడ్డారు, వాళ్లు తిరగబడ్డారు. ఆ కబురు అంది వియన్నా విద్యుత్ కార్మికులు స్విచ్చులు కట్టేశారు. సార్వత్రిక సమ్మెకు అదే సంకేతం. గుళ్లో చీకట్లో కూర్చున్న ప్రధాని ఆ సంకేతాన్ని చదువుకున్నాడు.

సమ్మె నిలబడలేదు. రైల్వే కార్మికులు కదల్లేదు, రైళ్లు సైన్యాన్ని మోసుకొచ్చాయి. నగరానికి ఉత్తరాన కార్ల్ మార్క్స్ హోఫ్ ఉంది. వియన్నా సోషలిస్టు నగరపాలన కార్మికులకు కట్టించిన ఇల్లు. ఇల్లంటే ఒక ఊరు. ఒక్కటే కట్టడం, కిలోమీటరుకు పైగా పొడవు, దాదాపు 1,400 వాటాలు, అయిదువేల మంది. లోపలే స్నానశాలలు, చాకిరేవులు, పసిపిల్లల బడులు, గ్రంథాలయం. తలుపు తీస్తే పచ్చిక. కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగిన నాకు ఆ ఇంటి విలువ తెలుసు. కూలివాడికి గాలీ వెలుతురూ వచ్చే గది దొరకడం ఎంతటి సంగతో తెలుసు. ఆ కట్టడం మీదికి సైన్యం ఫిరంగులు పేల్చింది. పిల్లలు నిద్రపోయే గోడల్లో గుండ్లు దిగాయి. 

నాలుగు రోజుల్లో అంతా ముగిసింది. చచ్చినవాళ్లు వందల్లో. పట్టుబడ్డ కొందరిని ఉరికంబాలు ఎక్కించారు. వాళ్లలో కార్ల్ మూనిష్‌రైటర్ అనే చెప్పులు కుట్టేవాడు ఉన్నాడు. పోరులో గాయపడి లేవలేని స్థితి. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఉరికంబం దగ్గరికి మోసుకెళ్లారు. ఫిబ్రవరి 14న ఉరితీశారు.

మే 1న, కార్మికుల పండగ రోజున, కొత్త రాజ్యాంగం వచ్చింది. సర్వశక్తిమంతుడైన దేవుని పేరుతో అది మొదలవుతుంది. ఇక యజమానీ కార్మికుడూ కూర్చోవాల్సిన ఆ బల్లల మాటేమిటంటే, ఏడు వృత్తి మండళ్లు అనుకున్నారు, రాజ్యం కూలిపోయేదాకా నిజంగా ఏర్పడ్డవి రెండే: వ్యవసాయం, ప్రభుత్వోద్యోగం. ఫ్యాక్టరీ కార్మికుడి మండలి పుట్టనే లేదు. ఆయన సంఘాన్ని మాత్రం మొదటి రోజుల్లోనే మూసేశారు.

డోల్‌ఫుస్‌ను ఆ జులైలో నాజీలు చంపారు. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను మింగాడు. వియన్నా కార్డినల్ ఇన్నిట్జర్ ఆయన్ను కలిశాడు, కొత్త పాలనను స్వాగతించే ప్రకటన మీద సంతకం పెట్టాడు, దానికి జతచేసిన ఉత్తరంలో తన చేత్తో ‘హైల్ హిట్లర్’ అని రాశాడు. అక్టోబరు 7న అదే కార్డినల్ అదే స్టీఫెన్ దేవాలయంలో వేలాది యువతీయువకుల ముందు, మన నాయకుడు క్రీస్తే అన్న అర్థంలో మాట్లాడాడు. మర్నాడు హిట్లర్ యువసేన ఆయన నివాసం మీద పడింది. అద్దాలు, సిలువలు, పటాలు పగలగొట్టారు. పక్క భవనంలో ఒక గురువును కిటికీలోంచి కిందికి విసిరేశారు, కాళ్లు విరిగాయి. కార్డినల్‌కు తెలివి వచ్చింది. సమయం మాత్రం దాటిపోయింది.

ఆ రోజుల్లో యూరప్‌లో ఎటు చూసినా గురువు అంగీ కనపడుతుంది. జర్మనీలో కతోలిక సెంటర్ పార్టీకి నాయకుడు లుడ్‌విగ్ కాస్, ఆయనా గురువే. 1933 మార్చి 23న హిట్లర్‌కు సర్వాధికారాలిచ్చే చట్టానికి పార్టీ చేత అనుకూలంగా ఓటేయించాడు. స్లొవేకియాలో గురువే దేశాధ్యక్షుడయ్యాడు. యోజెఫ్ తీసో ప్రభుత్వం 1942లో దాదాపు 58,000 మంది యూదుల్ని నాజీల రైళ్లెక్కించింది, 1947లో తీసోను ఉరితీశారు. ఇటు మ్యూనిక్‌లో రూపెర్ట్ మాయర్ అనే జెస్యూట్ ఉన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎడమ కాలు పోగొట్టుకున్నవాడు. 1923లోనే నాజీలు నిండిన సభలో లేచి, కతోలికుడు నాజీ కాలేడని ముఖం మీద చెప్పాడు. జైలుకూ, సాక్సన్‌హౌజన్ నిర్బంధ శిబిరానికీ వెళ్లాడు. ఒకే చదువు, ఒకే అంగీ, ఒకే ప్రార్థన. దారి మాత్రం చీలిపోయింది.

ఎందుకు చీలింది? నేను ఏళ్లుగా ఈ ప్రశ్నతోనే ఉన్నాను. నాకు దొరికిన జవాబు మా ఊరు నేర్పిందే. యజమానీ కార్మికుడూ కొట్టుకోకుండా ఉండాలి అన్న మాటలో తప్పులేదు. ఆ మాట అంటున్నవాడు కార్మికుడి చేతిలో ఏం మిగిల్చాడో చూడాలి. నా సంఘం నేను పెట్టుకుంటాను, నచ్చకపోతే పని ఆపుతాను అనే హక్కు అతని దగ్గరే ఉంటే, బల్ల దగ్గర కూర్చోవడం రాజీ. దాన్ని లాగేసుకుని కూర్చోబెడితే అది లొంగుబాటు. మిన్జోనికి ఇది తెలుసు. డోల్‌ఫుస్‌ను దీవించినవాళ్లు దీన్ని చూడదలచుకోలేదు.

ఇక్కడ మా ఊరి నాయకుణ్ని ఒకరిని తలుచుకోవాలి. 1928లో జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం నెలల తరబడి స్తంభించింది. కోత పెట్టిన ఉద్యోగాల మీద మొదలైన పోరాటం. ఆగస్టులో సుభాష్ చంద్ర బోసు వచ్చాడు, సెప్టెంబరులో కంపెనీతో ఒప్పందం చేయించాడు, లేబర్ అసోసియేషన్‌కు అధ్యక్షుడయ్యాడు. ఆ ఒప్పందం తృప్తినివ్వని కార్మికులు మానెక్ హోమీ వెంట వెళ్లి వేరే సంఘం పెట్టుకున్నారు. రెండు సంఘాలు, రెండు జెండాలు, రోజూ గొడవ. ఆ గొడవ కూడా ఒక స్వేచ్ఛేనని నేనంటాను. ముసోలినీ ఇటలీలో రెండో సంఘం పెట్టుకోవడానికి వీల్లేదు.

అదే బోసు 1934లో వియన్నాలో ఉన్నాడు. ఆరోగ్యం బాగులేక, దేశం బయట, ‘ది ఇండియన్ స్ట్రగుల్’ అనే పుస్తకం రాస్తున్నాడు. కార్ల్ మార్క్స్ హోఫ్ గోడల మీద గుండ్ల గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న ఏడాది అది. ఆ పుస్తకంలో ఆయన కమ్యూనిజాన్నీ ఫాసిజాన్నీ కలిపి కొత్త మార్గం ఒకటి భారతదేశం కనిపెట్టాలని రాశాడు. నాలుగేళ్ల తర్వాత తన మాటలకు వివరణ ఇచ్చుకున్నాడు, అప్పటికి ఫాసిజం సామ్రాజ్య దండయాత్రలు మొదలుపెట్టలేదని. బోసు మీద నాకున్న గౌరవం ఇందువల్ల తగ్గదు. కానీ మా ఊరి కార్మికుల కోసం కంపెనీతో బేరమాడిన మనిషి వియన్నాలో ఆ గోడల్ని చూసి ఏమనుకున్నాడో అడగాలని మాత్రం ఎప్పుడూ అనిపిస్తుంది.

లేఖ అట్లాంటిక్ కూడా దాటింది. అమెరికాలో అది రెండు చేతుల్లో పడింది. ఒకటి ఫాదర్ చార్లెస్ కాఫ్లిన్ చెయ్యి. డెట్రాయిట్ పక్కన రాయల్ ఓక్‌లో విచారణ గురువు. ఆదివారాలు రేడియోలో ఆయన గొంతు విననిదే లక్షల ఇళ్లలో పొద్దుపోయేది కాదు. పోపుగారి సాంఘిక న్యాయం పేరు చెప్పే మొదలుపెట్టాడు, బ్యాంకర్లను తిట్టాడు, ఆపైన యూదుల మీద పడ్డాడు. 1938లో తన పత్రికలో యూదుల మీద దొంగ పత్రాలు ధారావాహికగా అచ్చేశాడు. 1942లో పైఅధికారి నోరు మూయించాడు. రెండో చెయ్యి జెస్యూట్ల కార్మిక పాఠశాలలది. డ్యూటీ దిగొచ్చిన రేవు కూలీకి, ట్రాన్స్‌పోర్టు కార్మికుడికి సాయంత్రం పూట సభ ఎలా నడపాలో, ఒప్పందం ఎలా చదవాలో, గూండాల చేతిలోంచి సంఘాన్ని ఎలా విడిపించుకోవాలో నేర్పేవాళ్లు. న్యూయార్క్‌లోని అలాంటి జేవియర్ పాఠశాలలో పనిచేసిన ఫాదర్ జాన్ కారిడన్ జీవితమే ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ సినిమాలో ఫాదర్ పాత్రకు ప్రాణం.

ఆ రెండో చెయ్యే జంషెడ్‌పూర్ దాకా వచ్చింది.

1947 మార్చి 28న ఇక్కడి కార్మిక నాయకుడు అబ్దుల్ బారీని పట్నా దగ్గర కాల్చి చంపారు. ఆ ఏడే దేశానికి స్వాతంత్ర్యం, పారిశ్రామిక వివాదాల చట్టం రెండూ వచ్చాయి. సమ్మె, బేరం ఇక ఆ కొత్త చట్టం కింద తేల్చుకోవాలి. ఆ సంధికాలంలో, 1949లో, ఫాదర్ క్విన్ ఎన్‌రైట్ అనే జెస్యూట్ ఇక్కడ ఒక బడి పెట్టాడు. దాని పేరు జేవియర్ లేబర్ రిలేషన్స్ ఇన్‌స్టిట్యూట్. ఇవాళ ఎక్స్ఎల్ఆర్ఐ అంటే మేనేజర్ల చదువు, పెద్ద జీతాలు, ప్రవేశ పరీక్షలకు కోచింగులు. ఆ పొట్టి పేరులో ‘ఎల్’ అంటే లేబర్ అని ఈ ఊరి పిల్లల్లోనే సగం మందికి తెలియదు. ఆరంభంలో అక్కడ పాఠాలు యూనియన్ మనుషులకూ, యాజమాన్యం మనుషులకూ. బల్ల అదే, డోల్‌ఫుస్ చెప్పిన బల్లే. తేడా ఏమిటంటే, ఇక్కడ కూర్చున్న కార్మికుడి వెనక అతని సంఘం బతికే ఉంది. 1958లో ఈ ఊళ్లో మళ్లీ పెద్ద సమ్మె జరిగింది. బడి ఉండగానే జరిగింది. జరగగలిగింది.

నెల్-బ్రాయినింగ్‌ను 1936 నుంచి యుద్ధం ముగిసేదాకా నాజీలు ఏమీ అచ్చేయనివ్వలేదు. యుద్ధం తర్వాత ఆయన జర్మన్ కార్మిక సంఘాల పక్కన నిలబడ్డాడు. విశ్వలేఖ వెలువడి నలభై ఏళ్లు నిండిన 1971లో, ఎనభై ఒక్క ఏళ్ల వయసులో, ముసాయిదా ఎలా తయారైందో అచ్చులో చెప్పాడు. ఆ పేరాల్ని కలిపిన బాధ్యతను పోపుగారి మీదికి తోయలేదు. కలపాలా వద్దా అన్న నిర్ణయం తన చేతికి వదిలారని, కలిపింది తానేనని ఒప్పుకున్నాడు. 1991లో నూటొక్క ఏళ్లకు చనిపోయాడు.

రేకు పెట్టె సంగతి చెబుతానన్నాను కదా. తాత పోయాక తెరిస్తే అందులో ఒక పంచె, నానమ్మ పసుపుతాడు చుట్టిన కాగితప్పొట్లం, అడుగున దారంతో కట్టిన యూనియన్ సభ్యత్వ కార్డులు. ఏడాదికొకటి చొప్పున, ఒక్కటీ తప్పలేదు. మొదటివాటి మీద సిరా వేలిముద్ర. మధ్యలో ఎక్కడో వేలిముద్ర ఆగిపోయింది. ఆ పక్క ఏడాది కార్డు మీద వంకరటింకర తెలుగు అక్షరాల్లో ఆయన పేరు ఉంది. చివరి అక్షరం గీత దాటి బయటికి పోయింది.